సహజ పాండిత్యం: కావ్యహేతు చర్చ వెలుగులో తెలుగు కవుల అవతారికలు

వ్యాస సంగ్రహం

కవిత్వం పుట్టుకతో వచ్చేదా, సాధనతో అలవడేదా అన్న ప్రశ్నను సంస్కృత ఆలంకారికులు ‘కావ్యహేతువు’ పేరుతో దాదాపు వెయ్యేళ్లపాటు చర్చించారు. తెలుగు కవులు ఆ ప్రశ్నకు తమ సమాధానాన్ని అవతారికల్లో, తమ గురించి తాము చెప్పుకున్న మాటల్లో ఇచ్చారు. ఈ రెండింటినీ కలిపి చదివితే ‘సహజం’, ‘దైవదత్తం’ అనే మాటలకు వేరే అర్థం కనిపిస్తుంది. అవి కవి ఎలా తయారయ్యాడో చెప్పవు. కవిత్వం చెప్పే అర్హతను ఆ కవి ఎవరి పేరు మీద చూపించుకోవలసి వచ్చిందో చెబుతాయి. ఈ ప్రతిపాదనను నన్నయ నుంచి జాషువా వరకు కొన్ని ఉదాహరణలతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం, అవతారిక, సహజ పాండిత్యం, మొల్ల, అవధానం, జాషువా

1. ఉపోద్ఘాతం

మొల్ల చదువుకోలేదన్నది తెలుగు సాహిత్య చరిత్ర పాఠంలో ఆమె గురించి తొలుత వినిపించే మాటల్లో ఒకటి. పోతన సహజ పండితుడన్నది మరొకటి. తరగతి గదిలో ఈ రెండు మాటలూ ప్రశంసగానే వినిపిస్తాయి. కానీ విద్యార్థి మనసులో మిగిలేది వేరు. కొందరికి కవిత్వం పుట్టుకతో వస్తుందని, రానివారికి ఎంత సాధన చేసినా రాదని అతడు గ్రహిస్తాడు. పోతన, మొల్ల ఇద్దరూ అవతారికల్లో తమ గురించి చెప్పుకున్న మాటలే ఈ అభిప్రాయానికి ఆధారం. కవి తన గురించి తాను చెప్పుకున్నది సాక్ష్యమే, అందులో సందేహం లేదు. అయితే అది ఏ విషయానికి సాక్ష్యం అన్నది తేల్చకుండా సాహిత్య చరిత్రలు ముందుకు సాగిపోయాయి.

2. ఆలంకారికుల వాదం

భామహుడు ఈ చర్చను సూటిగా మొదలుపెట్టాడు. గురువు చెబితే మందబుద్ధి కూడా శాస్త్రం చదవగలడు గాని, కావ్యం మాత్రం ప్రతిభ ఉన్న ఏ ఒక్కడికో ఎప్పుడో పుడుతుందన్నాడు. దండి అంత కఠినంగా మాట్లాడలేదు. నైసర్గికమైన ప్రతిభ, నిర్మలమైన శ్రుతం, విడవని అభియోగం, ఈ మూడూ కలిస్తే కావ్యసంపద అని చెప్పి అక్కడితో ఆగలేదు. పూర్వవాసనతో వచ్చే ఆ అద్భుత ప్రతిభ లేకపోయినా, శ్రుతంతోను ప్రయత్నంతోను ఉపాసిస్తే వాగ్దేవి కొంతైనా అనుగ్రహిస్తుందన్నాడు. మహాకవి కాలేకపోయినా విదగ్ధగోష్ఠుల్లో కూర్చోగలిగే యోగ్యత వస్తుందని కూడా భరోసా ఇచ్చాడు. కావ్యశాస్త్రంలో సామాన్య విద్యార్థిని దృష్టిలో పెట్టుకొని రాసిన మాటల్లో ఇంత దయ గలవి అరుదు.

వామనుడు ప్రతిభానాన్ని కవిత్వానికి బీజమన్నాడు, అది జన్మాంతర సంస్కారమన్నాడు. రుద్రటుడు ప్రతిభనే రెండుగా విడదీసి, సహజమూ ఉన్నది, ఉత్పాద్యమూ ఉన్నదని చెప్పాడు. ప్రతిభ పుట్టించదగినది కూడా అని ఒప్పుకోవడం ఈ చర్చలో చిన్న అడుగు కాదు. ఆనందవర్ధనుడు వాదాన్ని మళ్లీ శక్తి వైపు తిప్పాడు. వ్యుత్పత్తి లోపం వల్ల వచ్చే దోషాన్ని కవిశక్తి కప్పివేస్తుందని, శక్తి లోపం వల్ల వచ్చే దోషం మాత్రం చూడగానే బయటపడుతుందని అన్నాడు. మమ్మటుడు శక్తిని, నైపుణ్యాన్ని, కావ్యజ్ఞుల శిక్షణలో చేసే అభ్యాసాన్ని చెప్పి, మూడింటినీ కలిపి ‘హేతువు’ అని ఏకవచనంలో వాడాడు. మూడు విడివిడి కారణాలు కావు, మూడూ కలిసి ఒక కారణం అన్నది అతని ఉద్దేశం. క్షేమేంద్రుడు బోధకుడిగా మాట్లాడాడు. శిష్యుల్లో కొద్ది ప్రయత్నంతో కవులయ్యేవారు, కష్టపడితే అయ్యేవారు, ఎన్నటికీ కానివారు అని మూడు తరగతులు చేశాడు. అర్థంతో పని లేకుండా ఛందస్సు నడక పట్టుబడేందుకు పదాలు పేర్చే అభ్యాసం కూడా చెప్పాడు. పద్యం నేర్పిన ప్రతి తెలుగు అధ్యాపకుడికీ ఆ మూడు తరగతులూ పరిచయమే.

ఈ వాదాన్ని చివరగా తేల్చిన ఆలంకారికుడు తెలుగువాడు కావడం గమనించదగినది. 17వ శతాబ్దికి చెందిన జగన్నాథ పండితరాయలు గోదావరి సీమలోని ముంగండ అగ్రహారానికి చెందినవాడు. రసగంగాధరంలో ఆయన ప్రశ్నను రెండు మెట్లుగా విడగొట్టాడు. కావ్యానికి కారణం కవిలోని ప్రతిభ ఒక్కటే. ఆ ప్రతిభకు కారణమేమిటన్నది వేరే ప్రశ్న. కొందరిలో దేవతల లేదా మహాపురుషుల అనుగ్రహం వల్ల కలిగిన అదృష్టం, మరికొందరిలో విలక్షణమైన వ్యుత్పత్తి, కావ్యాభ్యాసం దానికి కారణాలవుతాయి. మూడూ కలవాలన్న నియమం లేదు. ఏమీ చదవని బాలుడికి కేవలం మహాపురుషుని అనుగ్రహంతో ప్రతిభ కలగడం చూస్తున్నామని ఆయన వాదం. ఆ బాలుడు పూర్వజన్మలో చదివి ఉంటాడని ఎవరైనా అంటే, దానికి ప్రమాణం లేదు, అనవసరమైన కల్పన పెరుగుతుందని తోసిపుచ్చాడు. మరోవైపు అంతా అదృష్టమే అనడానికీ ఒప్పుకోలేదు. ఎంతోకాలం ఒక్క పద్యమూ కట్టలేనివాడు చదివి, సాధన చేసి, కొంతకాలానికి కవి కావడం లోకంలో ఉన్నదే కదా. అక్కడా అదృష్టమే కారణమైతే అది మొదటే ఎందుకు పనిచేయలేదు?

జగన్నాథుడు ఇక్కడ చేసిన పని సామాన్యమైనది కాదు. ‘పుట్టుకా, సాధనా’ అన్న ప్రశ్నకు అన్ని సందర్భాల్లోనూ ఒకే సమాధానం ఉండాలన్న పట్టుదలను ఆయన వదిలేశాడు. ఒకే ఫలానికి రెండు దారులున్నాయన్నాడు. అయితే ఏ దారి ఎవరికి తెరిచి ఉంటుందన్న ప్రశ్న ఆయన వేయలేదు. తన తండ్రి పేరుభట్టు వేదాంతం, న్యాయవైశేషికాలు, మీమాంస, వ్యాకరణం ఏయే గురువుల దగ్గర నేర్చాడో గ్రంథారంభంలో చెప్పి, ఆ తండ్రినే తన గురువుగా స్మరించాడు. ఆయనకు రెండో దారి ఇంట్లోనే ఉన్నది.

3. అభ్యాసానికి ఒక ఇల్లు

ఆ వేయని ప్రశ్నకు కావలసిన సామగ్రి అంతకు ఏడు వందల ఏళ్ల ముందే రాజశేఖరుడి కావ్యమీమాంసలో ఉన్నది. శక్తి ఒక్కటే కావ్యహేతువని చెప్పిన ఈ ఆలంకారికుడే కవి దినచర్యను అందరికంటె వివరంగా రాశాడు. పగటిని నాలుగు జాములుగా విభజించాడు. మొదటి జాములో విద్యల అధ్యయనం, రెండో జాములో కావ్యరచన, భోజనం తరువాత కావ్యగోష్ఠి, నాలుగో జాములో ఉదయం రాసినదాన్ని పరీక్షించుకోవడం. రాసే వేళ రసావేశంలో ఉన్నవాడికి వివేకం ఉండదు కనుక మళ్లీ చూసుకోవాలని హెచ్చరించాడు. కవికి శుభ్రమైన ఇల్లు, ఋతువులకు తగిన చోట్లు, తోట, కొలను, పరిచారకులు, లేఖకుడు ఉండాలన్నాడు. దగ్గర పెట్టెలో పలక, సుద్ద, గంటం, సిరా పాత్ర, తాటాకులు, భూర్జపత్రాలు ఉండాలన్నాడు.

ఈ పట్టిక చదివినప్పుడు అభ్యాసం ఎవరి చేతిలో ఉన్న వస్తువో అర్థమవుతుంది. నాలుగు జాముల పగలు తనదిగా ఉన్నవాడే ఆ దినచర్య పాటించగలడు. కుమ్మరి సారె తిప్పవలసిన ఇంట్లోను, వేకువనే పొయ్యి దగ్గర కూర్చోవలసిన మనిషికిను రెండో జాము కావ్యరచనకు మిగలదు.

అదే అధ్యాయంలో రాజశేఖరుడు స్త్రీల గురించి చెప్పిన మాట ఇంకా ఆసక్తికరం. పురుషుల్లాగే స్త్రీలూ కవులు కావచ్చునని, సంస్కారం ఆత్మలో ఉంటుంది గనుక అది స్త్రీపురుష భేదాన్ని చూడదని వాదించాడు. తన భార్య అవంతిసుందరి అభిప్రాయాలను గ్రంథంలో పేరు పెట్టి ఉదాహరించినవాడు ఆ మాట అనడం సహజమే. ప్రతిభ పుట్టుకతో వస్తుందన్న సిద్ధాంతం ఇక్కడ తలుపు తెరిచింది. కానీ ఆ వెంటనే అతడు ఇచ్చిన ఉదాహరణలు చూడాలి: రాజకుమార్తెలు, మహామాత్యుల కూతుళ్లు, గణికలు. శాస్త్రం చదివే వీలున్న ఇళ్ల స్త్రీలే వీరంతా. సిద్ధాంతం ఆత్మను చూపింది, ఉదాహరణలు మాత్రం ఇళ్లను చూపాయి.

4. అవతారికల్లో దేవుడి పని

తెలుగు కావ్యపరంపర తొలి అవతారికలో దైవస్వప్నం లేదు. నన్నయ తనను గురించి చెప్పుకున్న విశేషణాల్లో జపహోమాలు, శబ్దశాస్త్రం, పురాణ విజ్ఞానం ఉన్నాయి. సంహితాభ్యాసం అన్న మాట కూడా ఉన్నది. అర్హత అంతా చదువే. రాజు అడిగాడు, చదివినవాడు రాశాడు.

తరువాతి కాలంలో దేవుడు కలలోనో ధ్యానంలోనో కనిపించి కావ్యం రాయమనడం ఆనవాయితీ అయింది. తిక్కనకు హరిహరనాథుడు, పోతనకు శ్రీరాముడు, కృష్ణదేవరాయలకు ఆంధ్రవిష్ణువు. కనుక మొల్ల, వెంగమాంబల మాటలు కూడా ఆ ఆనవాయితీలో భాగమేనని, వాటికి ప్రత్యేకంగా అర్థం వెతకనక్కరలేదని ఒక ఆక్షేపణ రావచ్చు. ఆక్షేపణ బలమైనదే. అయితే ఈ దర్శనాల్లో దేవుడు ఏం చేస్తున్నాడో వేరువేరుగా చూడాలి.

ఆముక్తమాల్యదలో ఆంధ్రవిష్ణువు రాయలకు కవిత్వం ఇవ్వలేదు. మదాలసచరిత్ర, సత్యావధూప్రీణనం, సకలకథాసారసంగ్రహం, జ్ఞానచింతామణి, రసమంజరి అని రాయలు సంస్కృతంలో అంతకు ముందే రాసిన కృతులను ఏకరువు పెట్టి, మాకొక తెలుగు కావ్యం ఇవ్వలేవా అని అడిగాడు. దేవుడు ఇక్కడ గుణగ్రహణ పారీణుడైన కృతిభర్త. కవి చదివి రాసినవన్నీ ఆయనకు తెలుసు. (ఈనాటి అధ్యాపకుడికి ఇది ఉద్యోగపు ఇంటర్వ్యూలో ప్రచురణల జాబితా చదివినట్లుంటే తప్పు పట్టలేం.) తిక్కన కలలోని హరిహరనాథుడు కూడా కృతిని కోరినవాడే.

పోతన దగ్గర దేవుడి పని మారింది. పలికించేవాడు రామభద్రుడు, పలికేవాడు తాను. స్కంధాంత గద్యలో ‘సహజపాండిత్య’ అన్న విశేషణం తండ్రి పేరుతో పాటు నిలిచిపోయింది. కానీ అదే అవతారికలో, భాగవతం తెలిసి చెప్పడం ఎవరికైనా కష్టమేనంటూ, పండితుల దగ్గర విన్నదీ తనకు అందినదీ తేటపరుస్తానని కూడా అన్నాడు. పోతన రచనగా ఎక్కువమంది అంగీకరించే వీరభద్రవిజయంలో ఇవటూరి సోమనారాధ్యుణ్ణి గురువుగా స్మరించడమూ ఉన్నది. సహజ పండితుడికి గురువున్నాడు, విన్న పండితులున్నారు. వీటిలో సాహిత్య చరిత్ర ఒక్క విశేషణాన్నే పట్టుకున్నది.

5. మొల్ల, వెంగమాంబ

మొల్ల ఇంకా ముందుకు వెళ్లింది. రామాయణ అవతారికలో ఆమె తనకు తెలియనివాటిని ఒక్కొక్కటిగా చెప్పింది. దేశ్యపదాలు, సంధులు, సమాసాలు, శయ్య, రీతి, కావ్యపాకం, రసభావాలు, విభక్తులు, ధాతువులు, అలంకారాలు, ఛందస్సు, నిఘంటువులు. ఇవేవీ క్రమంగా తెలియవని, గోపవరం శ్రీకంఠమల్లేశ్వరుడి వరం వల్ల కవిత్వం చెప్పడం నేర్చుకున్నానని ఆమె మాట.

ఈ పద్యాన్ని చదువురానితనానికి సాక్ష్యంగా చూపడంలో ఒక చిక్కు ఉన్నది. ఆమె తెలియదన్నవి ఒక లక్షణ గ్రంథపు విషయసూచికలా ఉన్నాయి. శయ్య వేరు, పాకం వేరు అని తెలియనివారు ఆ రెండింటినీ విడివిడిగా పేర్కొనలేరు. పైగా ఛందస్సు తెలియదన్న మాటను ఆమె చెప్పినది సీసపద్యంలో. ప్రతి పాదంలోను ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు నడిపి, యతులు నిలిపి, ఎత్తుగీతితో ముగించి, తనకు లక్షణం రాదన్నది. మరొక చిన్న విషయం, బహుశా ఇదే ముఖ్యం: వరం వల్ల కవిత్వం వచ్చిందని ఆమె అనలేదు. ఆమె వాడిన క్రియ నేర్చుకోవడం.

అలాగని మొల్ల అబద్ధం చెప్పిందనడం అన్యాయం. విద్వాంసుల ముందు కవి వినయం ప్రకటించడం కాళిదాసు నుంచి ఉన్నదే. కానీ కాళిదాసు వినయానికి, మొల్ల వినయానికి మధ్య సామాజికమైన దూరం ఉన్నది. ఒకడు తన శక్తి చాలదేమో అన్నాడు. ఈమె తనకు చదువే లేదనవలసి వచ్చింది. కుమ్మరి ఇంటి ఆడపిల్ల వ్యాకరణ, ఛందోలంకారాలు చదివానని సభలో చెప్పుకొంటే వెంటనే రాగల ప్రశ్న, ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు అన్నది. మల్లేశ్వరుడి పేరు చెబితే ఆ ప్రశ్నకు చోటు లేదు. రాయల అవతారికలో కృతిభర్తగా ఉన్న దేవుడు ఇక్కడ గురుస్థానంలో కూర్చున్నాడు. చెప్పకూడని గురువుకో, లేని గురువుకో ఆయన బదులు.

మరి ఆమె నిజంగా ఎక్కడ నేర్చింది? దండి వాడిన ‘శ్రుతం’ అన్న మాట ఇక్కడ అక్షరాలా పనికి వస్తుంది. శ్రుతమంటే శాస్త్రజ్ఞానం, దాని మూలార్థం విన్నది. పురాణ పఠనం, శైవభక్తుల గోష్ఠులు బడి లేనివారికి బడి. మొల్ల తన తండ్రి కేసనను గురులింగజంగమార్చనపరుడైన శివభక్తుడిగా వర్ణించింది. వీరశైవం ద్విపదను, దేశిని ఆదరించి, కులాన్ని దాటి భక్తులను కలిపిన ఉద్యమం. ఆ ఇంటికి వచ్చిపోయే జంగములు, ఆ ఇంట్లో చదివిన పుస్తకాలు ఆమె వ్యుత్పత్తికి దారి అయి ఉండడానికి అవకాశం ఎక్కువ. కుమ్మరుల ఇళ్లలో అక్షరం అసంభవమన్న ఊహకు మన ఐతిహ్యాలే అడ్డు. తిక్కన భారతానికి లేఖకుడు కుమ్మరి గురునాథుడని పరంపరగా చెప్పుకుంటున్నాం. ‘వరకవయిత్రి’ అన్న బిరుదుతో తృప్తిపడినందువల్ల, శూద్రకులాల విద్యాచరిత్రలో మొల్ల స్థానమేమిటన్న పరిశోధన వెనకబడిపోయింది. నష్టం అక్కడ జరిగింది.

తరిగొండ వెంగమాంబ (1730–1817) విషయంలోనూ ఇదే. బాల్యంలో గురువు దగ్గర ఓనమాలైనా చదవలేదని, తరిగొండ నృసింహుడే తనచేత పలికించాడని ఆమె వేంకటాచల మాహాత్మ్యంలో చెప్పుకుంది. శతకం, ద్విపద, యక్షగానం, పద్యప్రబంధం, యోగశాస్త్ర విషయాలతో రాజయోగామృతసారం, ఇన్ని ప్రక్రియల్లో రచనలు చేసినామె ఆ మాట చెప్పింది. ఆమెకు మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఉపదేశం చేశాడని జీవితచరిత్రలు చెబుతాయి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినా, బాల్యంలోనే భర్తను పోగొట్టుకొని, ఆచారాలను ధిక్కరించి నిందలు పడిన స్త్రీకి, రచనాధికారం లోకం ఇచ్చేది కాదు. నృసింహుడి పేరు మీద మాట్లాడితే ఎదురు చెప్పేవారు తగ్గుతారు.

6. తంజావూరు స్త్రీలు

ఇదంతా స్త్రీసహజమైన వినయమని సరిపెట్టుకోవడానికి వీల్లేకుండా తంజావూరు అడ్డుపడుతుంది. రఘునాథనాయకుడి ఆస్థానంలోని స్త్రీలు శతలేఖిని వంటి విద్యల్లోను, అనేక భాషల కవిత్వంలోను ఆరితేరారని రామభద్రాంబ తన సంస్కృత కావ్యం రఘునాథాభ్యుదయంలో వర్ణించింది. విజయరాఘవుడి ఆస్థానంలో రంగాజమ్మ ఎనిమిది భాషల్లో కవిత్వం చెప్పగల నేర్పు తనదని దాపరికం లేకుండా ప్రకటించుకున్నది. 18వ శతాబ్దిలో ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని రాధికాసాంత్వనం అవతారికలో గురువును స్మరించింది. తంజనాయకి మొదలైన తన ఇంటి స్త్రీలను పేర్కొన్నది. తనకు దక్కినన్ని విద్వత్సత్కారాలు మరే స్త్రీకి దక్కాయని సవాలు చేసింది.

వీరు కూడా స్త్రీలే, వీరికీ ఇష్టదైవాలున్నాయి. కానీ చదువులేదని వీరు చెప్పుకోలేదు. సంగీతం, సాహిత్యం, నాట్యం, భాషలు చిన్ననాటి నుంచి నేర్పడం గణికా కుటుంబాల వృత్తిధర్మం. అక్కడ చదువు దాచవలసినది కాదు, చూపవలసినది. రాజశేఖరుడి పట్టికలో గణికలు ఉండడానికీ, ముద్దుపళని అవతారికలో వినయం లేకపోవడానికీ కారణం ఒకటే.

ఆ చదువుకు ఆమె చెల్లించిన మూల్యమూ తక్కువది కాదు. కందుకూరి వీరేశలింగం గారు ఆమె సంగీత సాహిత్య పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే కావ్యాన్ని, కులవృత్తిని కలిపి నిందించారు. బెంగుళూరు నాగరత్నమ్మ గారు 1910లో ఆ కావ్యాన్ని పూర్తి పాఠంతో ప్రచురిస్తే ప్రభుత్వం నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. నిందకు పైకి చెప్పిన కారణం శృంగారం. అంతకంటె వెనుకాడని శృంగారం ఉన్న పురుషుల ప్రబంధాలు చాలా ఉన్నాయి. చదువు లేదన్న మొల్ల పాఠ్యపుస్తకంలోకి వెళ్లింది. చదువుకున్నానన్న ముద్దుపళని నిషిద్ధ గ్రంథాల జాబితాలోకి వెళ్లింది. ‘సహజ’ కవయిత్రినే సమాజం ఎందుకు సులువుగా అంగీకరించిందో దీన్ని బట్టి ఊహించవచ్చు.

7. అవధానం: దాచని సాధన, చెప్పని సాధన

తెలుగులో ప్రతిభ అన్న మాట ఎక్కువగా వినిపించే వేదిక అవధానం. అవధానిని సభకు పరిచయం చేసేటప్పుడు వాగ్దేవి వరం, పూర్వజన్మ సుకృతం అన్న మాటలు రాకుండా ఉండవు. చూసేవారికి అది అద్భుతమే. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన, ఆశువు, పురాణపఠనం, అప్రస్తుత ప్రసంగం ఇంకా మరికొన్ని అంశాలు ఒకేసారి నడుస్తుంటే పద్యాలు పాదం పాదంగా పెరుగుతాయి. శతావధానంలో నూరుగురు పృచ్ఛకులకు నాలుగు ఆవృత్తాల్లో నాలుగేసి పాదాలు, మొత్తం 400 పాదాలు ధారణలో నిలవాలి.

అయితే ఆ అద్భుతం నిలబడిన యంత్రాంగాన్ని విడదీసి చూస్తే ప్రతి కీలూ అభ్యాసంతో బిగించినదే. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండో అక్షరం, శార్దూలంలో పదమూడో అక్షరం, మత్తేభంలో పద్నాలుగో అక్షరం యతిస్థానం. యతి, ప్రాస శ్రోతకు అలంకారాలు, అవధానికి మాత్రం జ్ఞాపకపు కొక్కేలు. మొదటి పాదం గుర్తుకు వస్తే రెండో అక్షరం మిగిలిన మూడు పాదాలకూ ప్రాసను పట్టి ఇస్తుంది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక అక్షరాన్ని మూసేస్తే, అదే గణానికి, అదే అర్థానికి సరిపడే మరో పదం తక్షణం తట్టాలి. అమరకోశం కంఠస్థమై, పర్యాయపదాలు నాలుక మీద ఆడేవాడికే అది సాధ్యం.

తిరుపతి వేంకట కవుల్లో ఇద్దరూ, దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) గారలు, చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి శిష్యులు. ఆయన దగ్గర వారు చదివినది వ్యాకరణం. సభల్లో కనిపించిన ధారకు వెనుక ఆ పాఠం ఉన్నది. చెళ్లపిళ్ల వారు తమ కథలు-గాథలులో గురువులను, చదివిన రోజులను, పడిన పాట్లను దాచకుండా రాశారు. తరువాత బందరు హైస్కూలులో వారి దగ్గర విశ్వనాథ సత్యనారాయణ గారి వంటి వారు తయారయ్యారు. రాజశేఖరుడు ఆభ్యాసికుడు అన్న కవి ఇలాంటి తరగతి గదుల్లోనే పుట్టాడు. సభ మాత్రం ధారను చూసింది, దాని వెనుక పాఠశాలను చూడలేదు.

ఆధునిక మనస్తత్వ శాస్త్రంలో ఈ చర్చ ఫ్రాన్సిస్ గాల్టన్ 1869లో ప్రచురించిన వంశానుగత ప్రతిభా గ్రంథంతో ఒక కొసన మొదలై, 1993లో ఆండర్స్ ఎరిక్‌సన్, అతని సహచరులు బెర్లిన్ వయొలిన్ విద్యార్థులపై చేసిన అధ్యయనంతో మరో కొసకు చేరింది. గాల్టన్ ప్రసిద్ధుల కుటుంబాలను లెక్కవేసి, ఆ ఇళ్లలోని గ్రంథాలయాలను, పరిచయాలను కూడా రక్తం ఖాతాలో వేశాడు. ఎరిక్‌సన్ సాధన గంటలను లెక్కవేశాడు. ఆ గంటల సంఖ్యే లోకంలో ప్రచారమైంది. ఆ వ్యాసంలోనే, సాధనకు ఉపాధ్యాయుడు, సామగ్రి, తీరిక, ఖర్చు భరించే కుటుంబం కావాలని చెప్పిన భాగాన్ని చదివినవారు తక్కువ. రాజశేఖరుడి పెట్టె, తోట, లేఖకుడు మరో భాషలో మళ్లీ కనిపించినట్లే.

8. జాషువా: గురువుల పేర్లు

గుర్రం జాషువా గారు (1895–1971) వినుకొండలో పుట్టారు. అంటరానివాడికి చదువు దొరకడమే కష్టమైన కాలంలో ఆయనకు దైవవరం పేరు చెప్పుకొనే దారి తెరిచే ఉన్నది. మొల్ల వాడినది, వెంగమాంబ వాడినది, లోకం ఇష్టంగా ఒప్పుకొనేది. ఆయన ఆ దారి పట్టలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర సంస్కృత కావ్యాలు చదివారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూ ఉభయభాషాప్రవీణ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. పరీక్ష పత్రం దైవానుగ్రహం లాంటిది కాదు. దాన్ని చూపితే ఎవరు చెప్పారన్న ప్రశ్నకు సమాధానం సంతకంతో సహా ఉంటుంది. ఖండకావ్యాల్లోను, 1941 నాటి గబ్బిలంలోను ఆయన వృత్తాలు నడిపిన తీరులో, ఒక్క యతికైనా వేలు చూపే అవకాశం పండితుడికి ఇవ్వకూడదన్న జాగ్రత్త కనిపిస్తుంది. అగ్రవర్ణ కవికి చిన్న స్ఖలనం ఆర్షప్రయోగంగా చెల్లవచ్చు. ఆయనకు చెల్లదని ఆయనకు తెలుసు.

తన గురువుల గురించి ఆయన చెప్పిన మాట ప్రసిద్ధం. పేదరికం ఒక గురువని, కులమతభేదం మరో గురువని, ఒకటి సహనం నేర్పితే రెండోది ఎదిరించే శక్తిని పెంచిందని అన్నారు. అవతారికల పరంపరలో పెట్టి చదివితే ఈ మాట విలువ మరింత తెలుస్తుంది. నన్నయ శాస్త్రాలను చెప్పాడు, రాయలు తన గ్రంథాలను దేవుడిచేత చెప్పించాడు, మొల్ల గురుస్థానంలో దేవుణ్ణి నిలిపింది. జాషువా ఆ స్థానంలో తన చుట్టూ ఉన్న సమాజాన్నే నిలిపారు. ప్రతిభ తనతో పుట్టిందా లేదా అన్న ప్రస్తావనే ఆయన తేలేదు.

వినుకొండలో ఒక సభలో పద్యాలు చదివిన తరువాత ఆయన కులమేమిటని అడిగి అవమానించిన సందర్భాన్ని ఆయన ఆత్మకథ ‘నా కథ’ నమోదు చేసింది. పద్యం బాగుందా లేదా అన్నది అక్కడ ఎవరూ అడగలేదు. తరువాత మరొక సభలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు వృద్ధాప్యంలో వంగి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. వందల శతావధాన పద్యాలు ధారణ చేసి, బందరులో ఒక తరం కవులకు పాఠం చెప్పిన ఆ గురువు, తన దగ్గర ఎన్నడూ కూర్చుని చదవని ఒక కవి పాదం పట్టుకున్నారు.